ఇడిసిపెట్టుడు నేర్పే కొలువు

బ్యాంకు పరీక్షల కోచింగుల లెక్కలు చెప్పుడు మొన్ననే బంద్ చేసిన. నా జాగల కావ్య అనే పిల్ల వచ్చింది. కొత్త మార్కర్లు, కొత్త చున్నీ, కండ్లల్ల మస్తు ధైర్యం. మొదటి రోజే నా దగ్గరికొచ్చి, "మేడం, పాఠం ఎట్ల చెప్పాలెనో జర చెప్పుండ్రి" అని అడిగింది.

"పాఠం నువ్వు నాకంటె మంచిగనే చెప్తవు బిడ్డా" అన్న. మాటవరసకు అనలే. పాఠాలు గిప్పుడు ఫోన్ల గూడ దొరుకుతున్నయి. ఆపుకుంట, వెనుకకు తిప్పుకుంట చూడొచ్చు. నన్నెవ్వలు వెనుకకు తిప్పలేరు గద. మన అసలు కొలువు పాఠం అయిపోయినంక షురూ అయితది. పరీక్ష దగ్గరికొస్తది. పిల్లగాని ముందల పుస్తకాల కుప్ప ఉంటది, చేతిల టైముండదు. ఏది మొదలు తిరగెయ్యాలె, ఏది తర్వాత, ఏది అసలుకే ముట్టుకోవద్దు, గది తేల్చాలె. తేల్చుడు అల్కగనే ఉంటది. తేల్చినదాన్ని వాళ్లతోని చేయించేటప్పుడే మన పానం తోకకొస్తది.

గందుకే కావ్య కోసం, కావ్య లెక్క ఈ పనిల దిగేటోళ్ల కోసం రాస్తున్న. నాకు ఎప్పుడు జీతం పెరిగింది, బోర్డు మీద 'సీనియర్' అని ఎప్పుడు రాసిండ్రు, గవన్ని రాస్త లేను. రాసినా అండ్ల పెద్దగ ఏం లేదు.

గిర్ని మీద క్లాసు

మా కోచింగు లాల్‌దర్వాజల ఒక సందుల, పిండి గిర్ని మీది అంతస్తుల ఉంటుండె. కింద గిర్ని నడిస్తే పైన నా గొంతు దానికంటె జోరుగ నడవాలె. పొద్దుగాల నల్ల చీర కట్టుకొని వస్తే మధ్యాహ్నానికి బూడిద రంగు చీర అయితుండె. ఒకరోజు జొన్నలు పట్టించుకునేటందుకు వచ్చిన ఒకామె మెట్ల కాడ నన్ను ఆపింది.

"ఏంది టీచరమ్మా, పొద్దటి నుంచి పడవ పోయింది, పడవ వచ్చింది అని ఒర్రుతున్నవు. గీ సందుల పడవలెక్కడియి?"

గవి పడవలు-ప్రవాహాల లెక్కలు అని చెప్పిన. "బ్యాంకుల పడవలు గూడ ఉంటయా?" అన్నది. నేను నవ్వి కిందికి దిగిన గని, ఆ మాట చాన దినాలు మనసుల తిరిగింది. నేను ఎందుకు గంత ఒర్రుతున్న? ఆ లెక్క పరీక్షల వస్తే ఒకటి వస్తది, లేకుంటే లేదు. ఆ పొద్దంత దానికే పెట్టిన.

ఎందుకంటే డైరెక్టర్ సార్ పెట్టుమన్నరు.

నూటికి నూరు

డైరెక్టర్ సార్ పేరు సుబ్రహ్మణ్యం. తెనాలి దిక్కు నుంచి ఎప్పుడో వచ్చి ఈడనే పాతుకపోయిండ్రు. మంచి మనిషి. ఎండకాలం పిల్లలకు మజ్జిగ పోయించేటోరు. ఆయనకు ఒకటే పిచ్చి: సిలబస్ పూర్తి కావాలె. మెట్ల కాడ బోర్డు మీద 'నూటికి నూరు పాళ్లు సిలబస్' అని ఎర్ర అక్షరాలతోని రాయించిండ్రు.

నేను చెప్పబోయే సంగతి జరిగిన యాడాది, పరీక్ష నెత్తి మీదికొచ్చినప్పుడు ఆయన గదిలకు పోయిన.

"సార్, గిప్పటికెల్లి కొత్త చాప్టర్లు బంద్ చేద్దాం. చెప్పింది తిరగేపిస్త."

"అదెలా కుదురుతుందండీ విమల గారూ? ప్రస్తారాలు, సంయోగాలు ఇంకా మొదలే పెట్టలేదు. కరపత్రంలో వేశాం కదండీ."

"కరపత్రంల వేస్తే పరీక్షల వస్తదా సార్?"

"పరీక్షలో రాకపోయినా పర్లేదండీ. తల్లిదండ్రులు అడుగుతారు."

అప్పుడు కోపమొచ్చింది. గిప్పుడు ఆలోచిస్తే ఆయన మాటల సగం నిజముంది. ఏ తండ్రి వచ్చినా "ఎక్కడి దాంక అయింది?" అనే అడిగిండు. "ఏమేం ఇడిసిపెట్టిండ్రు?" అని ఒక్కలు గూడ అడగలే. అంత అయిందంటే ఇంటికాడ అందరికి ధైర్యం. గని బిడ్డా, సిలబస్ అయిపోయేది టీచరుకు. పిల్లగానికి కాదు. నేను చాప్టర్ ఖతం చేసి చేతులు కడుక్కున్న రోజే వానికి అది మొదలైతది. ఈ ఒక్క ముచ్చట మా సార్‌కు అర్థమయ్యేటందుకు చాన ఏండ్లు పట్టింది. నాకు గూడ తక్కువేం పట్టలే.

మూడు కుప్పలు

తిరగేసుడుకు నేను చెప్పే పద్ధతి ఏం బ్రహ్మవిద్య కాదు. చాప్టర్లను మూడు కుప్పలు చెయ్యాలె. ప్రతిసారి పరీక్షల వచ్చి, నువ్వు జల్ది చెయ్యగలిగేటియి మొదటి కుప్ప: సూక్ష్మీకరణలు, సంఖ్యల వరుసలు, అసమానతలు, కోడింగ్. తరచుగ వచ్చి, నీకు సగం సగం వచ్చేటియి రెండోది: పట్టికలు, గ్రాఫులు చూసి చేసే లెక్కలు, శాతాలు. ఎప్పుడో ఒకసారి వచ్చి నీ టైమంత మింగేటియి మూడోది. మొదటి కుప్పను రోజూ ముట్టుకోవాలె. రెండో కుప్పకు ఎక్కువ టైము ఇయ్యాలె, ఎందుకంటే నీ మార్కులు పెరిగేది అక్కడనే. మూడోదానికి ఒక దండం పెట్టి పక్కకు జరగాలె.

ఒకల కుప్ప ఇంకొకలకు పనికి రాదు. నాకు మొదటి కుప్పల ఉండేది నీకు మూడోదాంట్ల ఉండొచ్చు. గందుకే టాపర్ ప్లాన్ అని ఫోన్ల తిరిగేటియి చూసి పరేషాన్ కావద్దని చెప్తుంటి.

గింతే. ఎవ్వలన్న ఒక పూటల చేసుకోవచ్చు. చేసుకుంటరు గూడ. రంగు రంగుల పెన్నులతోని గీతలు కొట్టి, గోడకు అతికిస్తరు. తెల్లారి వచ్చి మూడో కుప్ప తెరుస్తరు! ఎందుకయ్యా అంటే, కొందరికి భయం, కొందరికి ప్రేమ. భయమున్నోళ్లు, ప్రేమున్నోళ్లు ఇద్దరు ఒకటే బ్యాచ్‌ల, ఒకటే బెంచీ మీద దొరికిండ్రు నాకు.

ప్రేమున్నోడు

బల్‌రాజ్ వాళ్లది మా సందు ఎనుకనే పాల డెయిరీ. పొద్దుగాల ఇంటింటికి పాలు పోసి, బండికి క్యాన్లు అట్లనే పెట్టుకొని క్లాసుకొస్తుండె. మస్తు తెలివి. వాని పానమంత పజిళ్ల మీదనే. ఎనమండుగురు గుండ్రటి బల్ల చుట్టు కూసున్నరు, ఫలానోడు ఫలానోనికి ఎడమ దిక్కు మూడోడు, వాని పక్కన డాక్టర్ లేడు... గిట్ల ఉండే లెక్కలు. మనకు గవి ఎ, బి, సి అనే ఉత్త అక్షరాలు. వానికి మనుషులు.

"మేడం, గీ 'డి' గాడున్నడు సూడుండ్రి, ఎవ్వని పక్కన కూసోడు. మస్తు పొగరు వీనికి."

"వాని పొగరు సంగతి తర్వాత. సూక్ష్మీకరణలు చేసినవా?"

"గవి చిన్నపిల్లల లెక్కలు మేడం. వస్తయి గద."

వస్తయి. అందరికి వస్తయి. గందుకే ఎవ్వలు చెయ్యరు. వచ్చినదే మొదలు తుప్పు పడ్తది. బల్‌రాజ్ అంతకు ముందు రెండుసార్లు పరీక్ష రాసిండు. ఒక్కొక్క విభాగానికి వేరే టైముంటది. రీజనింగ్ టైమంత పజిళ్లకే పోసి, పక్కనే ఉన్న అల్క ప్రశ్నలను చూడను గూడ చూడలే. లెక్కల విభాగంల చిన్నచిన్న గుణకారాల కాడ తడబడ్డడు. రెండుసార్లు గుమ్మం దాంక పోయి ఎనుకకొచ్చిండు. అయినా నవ్వుకుంటనే ఉంటుండె. వాని బాపు మాత్రం నవ్వుత లేకుండె.

భయమున్నామె

శిరీష జల్‌పల్లిల కొత్త కాలనీ నుంచి బస్సుల వస్తుండె. ఆమె పెనిమిటి నరేష్ ఉస్మాన్‌గంజ్‌ల మసాలా దినుసుల టోకు దుకాణంల పని చేస్తడు. చిన్న బిడ్డ ఉంది. బిడ్డను అత్తమ్మ దగ్గర ఇడిసిపెట్టి వచ్చేది. వయసు గడువు చూసుకుంటే ఆమెకు ఇదే ఆఖరి పరీక్ష. మల్లొక్కసారి అనేది లేదు. ఆ మాట ఎవ్వలతోని అనకపోయేది గని, ఆమె సంచి చూస్తే తెలుస్తుండె. ఉన్న పుస్తకాలన్ని మోసుకొస్తుండె. ఒక్కటి ఇంటికాడ ఉంచినా పాపం తగుల్తదన్నట్టు.

ఆమె తిప్పలు ఏందంటే, ఎప్పుడు తిరగేసినా మొదటి పేజీ నుంచి షురూ చేస్తది. బిడ్డకు జరమొస్తే నాలుగు దినాలు ఆగుతది. మల్ల మొదటి పేజీ. చుట్టాలొస్తే ఆగుతది. మల్ల మొదటి పేజీ. సంఖ్యా వ్యవస్థ అనే మొదటి చాప్టర్ ఆమెకు వచ్చినంత మంచిగ నాకు రాదు. పుస్తకం ఆఖర్ల ఉన్న గ్రాఫుల లెక్కలు మాత్రం పెండ్లిల ముక్కు ముఖం తెల్వని చుట్టాల లెక్క మిగిలినయి. అవే పరీక్షల కుప్పలు కుప్పలు వచ్చేది.

"ఆఖరి చాప్టర్ నుంచి షురూ చెయ్యి శిరీషా" అంటే, "మొదటియి మర్చిపోతనేమో మేడం" అనేది. బల్‌రాజ్‌ను పజిళ్లు బంద్ చెయ్యిమంటే, "సరే మేడం" అని వేరే పజిల్ తీస్తుండె.

చిట్టీలు మార్చుడు

బోనాల వారం. గల్లీల డప్పులు, కింద గిర్ని, నడుమ నేను. ఇద్దరి తిరగేసుడు ప్లాన్లు చూసిన. శిరీషది మల్ల మొదటి పేజీ నుంచి. బల్‌రాజ్‌ది సోమవారం పజిళ్లు, మంగళవారం పజిళ్లు, బుధవారం 'మిగిలినవి'. నాకు తిక్క లేసింది.

"బల్‌రాజ్, నువ్వు అక్కకు ప్లాన్ రాయి. శిరీషా, నువ్వు తమ్మునికి రాయి. మీది మీరు ముట్టుకుంటే ఊకోను."

సోచాయించి చేసింది కాదు. కోపంల చేసింది. గని ఐదు నిమిషాలల్ల క్లాసంత పాఠం ఇడిసిపెట్టి వాళ్లిద్దరినే చూస్తున్నరు.

"అక్కా, సంఖ్యా వ్యవస్థ కొట్టేసిన."

"అరే, ఏంది తమ్మీ! నాకు మంచిగొచ్చేది గదొక్కటే!"

"మంచిగొస్తది గందుకే కొట్టేసిన. గ్రాఫులు పెట్టిన. పొద్దుగాల గ్రాఫులు, బస్సుల గ్రాఫులు."

"బస్సుల నిలవడే జాగ ఉండదురా, గ్రాఫులు ఎట్ల చెయ్యాలె?"

"అయితే చూడు. గీయకు, ఉత్తగ చూడు. ఏది పెరిగింది, ఏది తగ్గింది."

గప్పుడు శిరీష వాని కాగితం వాని చేతిల పెట్టింది. వాడు చదివిండు. మొఖం మాడిపోయింది.

"పజిళ్లు ఆదివారమేనా?"

"అది గూడ పొద్దుమీకి."

"అక్కా, నీకు దయ లేదా?"

"నాకు సంఖ్యా వ్యవస్థ లేదు, నీకు పజిళ్లు లేవు. ఖతం."

క్లాసు పగలబడి నవ్వింది. నేను గూడ నవ్విన. గని ఆ రోజు నాకు పెద్ద ముచ్చట తెలిసింది. మన చాప్టర్ మనకు బిడ్డ లెక్క కనిపిస్తది. పక్కోనికి అది ఉత్త చాప్టరే. ఏది పనికొస్తది, ఏది రాదు అనేది పక్కోడు చిటికెల చెప్తడు. అప్పటి సంది ప్రతి బ్యాచ్‌ల ఈ ప్లాన్ల చిట్టీలు మార్పించిన. లొల్లి అయితది. కానియ్యి.

బల్‌రాజ్ రాసిన దాంట్ల ఇంకొకటి ఉండె. శిరీష వర్తమాన విషయాల పత్రికలు అట్ట నుంచి అట్ట దాంక చదివేది. వాడు గవి కొట్టేసి, 'ఆఖరి నెలలయే చాలు, టీవీ వార్తలు అత్తమ్మను అడుగు' అని రాసిండు. మస్కిరికి రాసిండు. శిరీష నిజంగనే అడిగింది. అత్తమ్మ ఇంటిపని చేసుకుంట పొద్దంత టీవీ పెట్టుకుంటది. కోడలు అడుగుడే ఆలస్యం, ఆమెకు ఉత్సాహమొచ్చింది. పొద్దుమీకి రొట్టెలు చేసుకుంట మొత్తం అప్పజెప్పేది.

"వడ్డీ రేటు మార్చిండ్రంట. కొత్త పెద్ద జడ్జి వచ్చిండంట. ఆ కోడలు ఇల్లు ఇడిసి పోయిందంట."

"ఏ కోడలత్తమ్మా?"

"సీరియల్ల కోడలే. అది మీ పరీక్షల రాదా?"

సార్ మెట్లెక్కి వచ్చిన పూట

ఈ లొల్లిల ప్రస్తారాల క్లాసు ఖాళీ అయింది. ఆ చాప్టర్ చెప్పేటందుకు సార్ వేరే ఆయనను పిలిపించిండ్రు. ఆయన పాపం బెంచీలకు చెప్పుకుంటున్నరు. పిల్లలందరు నా గదిల కూసొని ఒకల కాగితాలు ఒకలు కొట్టేస్తున్నరు. సార్ ఆయాసపడుకుంట వచ్చిండ్రు.

"ఏమిటండీ విమల గారూ ఇది? సిలబస్ వదిలేసి కాగితాలు కొట్టేయడమేంటి?"

నేను నోరు తెరవకముందే శిరీష లేచి నిలవడ్డది. ఎన్నడు గట్టిగ మాట్లాడనామె.

"సార్, మీరు కొత్తది చెప్తే నేను ఇంకో పుస్తకం మొయ్యాలె. నా భుజం ఒక్కటే ఉంది సార్. నాకు ఇదే ఆఖరుది. వచ్చినయి పోకుండ ఉంచుకోనియ్యిండ్రి."

సార్ కాసేపు ఆమె సంచి దిక్కు చూసిండ్రు. కండ్లద్దాలు తుడుసుకున్నరు. మెట్లు దిగిపోయిండ్రు. నా కొలువు పోయిందనుకున్న. తెల్లారి కొత్త కరపత్రం వచ్చింది. 'ప్రత్యేక పునశ్చరణ తరగతులు, ఇతర సంస్థలలో లేని పద్ధతి' అని పైన పెద్దగ వేయించిండ్రు. ఆ పద్ధతి ఏందో ఆయనకు తెల్వదు. "పేరు ఏం పెడదామండీ?" అని నన్నే అడిగిండ్రు. చెప్పిన గద, మంచి మనిషని. వ్యాపారం గూడ తెల్సు.

ఒకలకు వచ్చింది, ఒకలకు రాలే

మొదటి పరీక్ష ఇద్దరు దాటిండ్రు. రెండోది పెద్ద పరీక్ష. దాని ఫలితం వచ్చిన రోజు మధ్యాహ్నం మెట్ల మీద అడుగుల చప్పుడు. ముందల శిరీష, ఎనుక చంకల మనుమరాలితోని అత్తమ్మ. శిరీష కండ్లనిండ నీళ్లు పెట్టుకొని నా చేయి పట్టుకుంది. అత్తమ్మనే చెప్పింది.

"అయింది టీచరమ్మా! నేను చెప్పిన ముచ్చట ఒకటి పరీక్షల వచ్చిందంట!"

పెద్ద జడ్జి ముచ్చట. కోడలు ముచ్చట రాలే.

బల్‌రాజ్ రాలే. వాని పేరు గూడ లేదు. శిరీష తన ఖుషీ నడుమల నాలుగుసార్లు అడిగింది, "తమ్ముడు ఎక్కడ మేడం?" అని. ఫోన్ ఎత్త లేడు. మూడో రోజు నేనే డెయిరీకి పోయిన.

వాడు పాక ఎనుక గడ్డి కోస్తున్నడు. నన్ను చూసి లేచిండు. వాని బాపు మల్లేశం కుర్చీ తెచ్చి వేసిండు, తను నిలవడ్డడు.

"టీచరమ్మా, ఒక్క మాట చెప్పుండ్రి. వీనికి తెలివి లేదా? లేదంటే చెప్పుండ్రి, బర్రెల కాడ పెట్టుకుంట."

"తెలివి మస్తుంది మల్లేశన్నా. బల్‌రాజ్, పరీక్షల ఏమైంది?"

వాడు తల వంచుకొనే చెప్పిండు. "ఏడంతస్తుల బిల్డింగు మేడం. ఏడుగురు మనుషులు. ఒక్కొక్కనికి ఒక్కొక్క రంగు, ఒక్కొక్క ఊరు. సగం సమాచారం దాచిపెట్టి ఇచ్చిండు. గంత మంచి పజిల్ నేను ఎన్నడు చూడలే. ఇడిసిపెట్టాలనే అనుకున్న. అక్క మాట గూడ యాదికొచ్చింది. ఒక్కసారి చూసి పోదామనుకున్న..."

"చేసినవా?"

వాడు తల ఎత్తిండు. ఆ కండ్లల్ల మెరుపు చూసి నాకు తిట్టబుద్ధి కాలే. "పూర్తిగ చేసిన మేడం. ఆఖరికి ఒక్కొక్కడు వాని వాని అంతస్తుల కూసున్నడు సూడుండ్రి... అప్పటికే టైము అయిపోయింది."

మల్లేశం ఇదంత నిలవడి విన్నడు. కొడుకును తిడ్తడేమో అనుకున్న. ఆయన తువ్వాల భుజం మీదికెల్లి తీసి, మొఖం తుడుసుకొని, మెల్లగ అన్నడు.

"మా తాన ఒక బర్రె ఉండె టీచరమ్మా. పాలు తక్కువ, దాణా ఎక్కువ. అందరు అమ్ముమన్నరు. బేరం గూడ వచ్చింది. నాతోని కాలే. నన్ను చూస్తే తల ఊపుతుండె."

"వీడు మీ కొడుకే మల్లేశన్నా" అన్న. ముగ్గురం నవ్వినం. ఆ మూడు దినాలల్ల బల్‌రాజ్ నవ్వుడు అదే మొదలంట.

పజిల్‌ను దాటుడు

తిరిగొచ్చేటప్పుడు సందులల్ల నడుసుకుంట ఆలోచించిన. మేము వాని పజిళ్లను చెడ్డ అలవాటు లెక్క చూసినం. ఆదివారం పొద్దుమీకి ఒక్కసారని కడుపు మాడ్పినం. ఆకలితోని ఉన్నోని ముందల పరీక్ష హాలుల ఏడంతస్తుల భోజనం పెట్టినట్టయింది. భయమున్నోళ్లకు చాప్టర్లు కొట్టేస్తే పానం నిమ్మళమైతది. ప్రేమున్నోళ్లకు కొట్టేస్తే ఆకలి పెరుగుతది. ఇద్దరికి ఒకటే మందు పనికి రాదు.

బల్‌రాజ్‌కు ఇంకా వయసుంది. మల్ల కూసోపెట్టిన. ఈసారి పజిల్ రోజూ ఉంటది. మొదటి కుప్ప, రెండో కుప్ప అయినంక, పొద్దుమీకి ఒక్కటి. కడుపు నింపుకొనే ఇంటికి పోవాలె. ఇంకొక పని చేసిన. ప్రతి నమూనా పరీక్షల, ఏరి ఏరి, అన్నిటికంటె అందమైన పజిల్‌ను మొదటి ప్రశ్నగ పెట్టిన. వాని పని దాన్ని చూసి, దాటిపోవుడు. ఆఖర్ల టైము మిగిల్తే ఎనుకకు రావొచ్చు.

మొదట్ల ప్రతిసారి పడ్డడు. క్లాసంత వాని దిక్కే చూస్తుండె. "అన్న దాటుతడా?" "దాటడు." "పెన్ను తీసిండు... అయిపాయె, గుండ్రం గీసిండు!" శిరీష అప్పటికి బ్యాంకుల చేరింది. ఆదివారం బిడ్డను తీసుకొని వచ్చి వాని పక్కన కూసునేది. వాడు గుండ్రం గీస్తే బిడ్డతోని అనేది, "మామ పెన్ను గుంజుకో." ఆ పిల్లకు మస్తు ఖుషీ, ఉరికొచ్చి గుంజుకునేది.

మెల్లమెల్లగ దాటుడు నేర్సిండు. మొదట్ల పండ్లు పటపట కొరుక్కుంట దాటిండు. తర్వాత ఉత్తగ దాటిండు. నాకు మాత్రం వాని మొఖం చూస్తే పానం కలుక్కుమనేది. వానికి మంచి చేస్తున్ననా, వాని ఖుషీ గుంజుకుంటున్ననా అనిపించేది. ఆ అనుమానం గిప్పటికి పూర్తిగ పోలే. ఈ కొలువుల అది ఉంటది బిడ్డా, ఉండాలె గూడ.

ఫోన్

ఈసారి పెద్ద పరీక్ష అయిపోయిన సాయంత్రం నా ఫోన్ మోగింది.

"మేడం, ఇడిసిపెట్టిన."

"పజిల్‌నా? వచ్చిందా?"

"వచ్చింది. మంచిగుండె. పోయినసారి కంటె మంచిగుండె. నేను చూసిన. దాటిన. మిగిలినయన్ని చేసిన. ఎనుకకొచ్చేసరికి టైము లేదు."

"ఎట్లనిపించింది రా?"

ఆ దిక్కు బస్సు హారన్ వినొచ్చింది.

"విస్తరి ముందల కూసోని, అన్నీ వడ్డించినంక, తినకుండ లేసొచ్చినట్టు అనిపించింది మేడం."

"మంచి పని చేసినవ్" అన్న.

ఆ పూట

ఫలితం వచ్చింది. ఈసారి వాని పేరుంది. మల్లేశం గిర్ని కాడ ఉన్న అందరికి పాలకోవా పంచిండు. సార్ కరపత్రంల వేసేటందుకు ఫోటో అడిగిండ్రు. శిరీష బ్యాంకు నుంచి ఫోన్ చేసి, ఎవ్వలో ఖాతాదారుడు ఎదురుంగ నిలవడి ఉండంగనే ఏడ్సింది. ఆయన భయపడి నీళ్లు తెచ్చిచ్చిండంట.

సంబరం అయిపోయినంక, అందరు పోయినంక, బల్‌రాజ్ నా గదిలకొచ్చిండు.

"మేడం, గిప్పుడు చేసుకోవచ్చా?"

"ఏంది?"

"పజిళ్లు."

అల్మారల నేను నమూనా పరీక్షల కోసం దాచిన పజిళ్ల కట్టంత తీసి వాని చేతిల పెట్టిన. వాడు ఆఖరి బెంచీ మీద, కిటికీ పక్కన కూసున్నడు. మధ్యాహ్నం బ్యాచ్ వచ్చింది. వాడు లేవలే. కొత్తగ చేరిన ఒక పిల్ల వాని పక్కన కూసొని, వాడు గీస్తున్న గుండ్రాల దిక్కు చూసింది. గుండ్రం చుట్టు వాడు ఒక్కొక్కన్ని కూసోపెడుతున్నడు, పేరు పేరున పిలుసుకుంట, తనలో తనే నవ్వుకుంట.

"అన్నా, ఇది ఏ పరీక్షకు?" అని అడిగింది.

వాడు తల ఎత్తకుండనే చెప్పిండు.

"ఏ పరీక్షకు కాదు చెల్లె. ఊకెనే."